అండమాన్ టికెట్లు నా కార్డు మీద తీశాను, ఇద్దరు పైసా ఇవ్వలేదు. ప్రయాణం మానేయమంటారా?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 29 ఏళ్ల పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఇంజినీరింగ్‌లో కలిసి చదువుకున్న ఎనిమిది మంది, నలుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు, జనవరి 18 నుంచి 24 దాకా అండమాన్ వెళ్దామనుకున్నారు. రోజులు గడిచేకొద్దీ విమానం ధరలు పెరిగిపోతాయన్న కంగారులో ఈమె అందరికీ రానూపోనూ టికెట్లు తన క్రెడిట్ కార్డు మీదే తీసేశారు. మనిషికి 14,400 చొప్పున మొత్తం 1,15,200 రూపాయలు. ఇద్దరు పూర్తిగా ఇచ్చారు. ముగ్గురు సగం ఇచ్చి మిగతాది తర్వాత అన్నారు. ఇద్దరు అసలేమీ ఇవ్వలేదు. ఆ ఇద్దరిలో ఒకతనికి రెండు నెలల కిందట ఉద్యోగం పోయిందట. ఆ సంగతి వేరేవాళ్ల ద్వారా తెలిసిందే తప్ప అతను నోరు విప్పలేదు. రెండో అతను మాత్రం రాత్రికి 12 వేలయ్యే రిసార్టుల ఫొటోలు గ్రూపులో పెడుతూ, ఇలాంటిది లేకపోతే రానంటున్నాడు.

ఇంకో స్నేహితురాలికి ఉబ్బసం ఉంది, ఇన్‌హేలర్ వాడుతుంది. స్కూబా, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ సముద్రం అడుగుకు దిగడం, చేసి తీరాలని ఆమె పట్టుదల. "ఫారంలో ఏ జబ్బూ లేదనే రాస్తాను, నువ్వు మాత్రం చెప్పొద్దు" అని ఈమె దగ్గర మాట తీసుకుంది. మరొకరేమో విశాఖ నుంచి ఓడలో వెళ్తే చవక కదా అంటున్నారు. కార్డు బిల్లు డిసెంబరు 14న కట్టాలి. "అడిగితే తొమ్మిదేళ్ల స్నేహం చెడుతుంది, అడక్కపోతే నేను మునిగిపోతాను. అంతా రద్దు చేసుకుని ప్రశాంతంగా ఉండనా?" అని అడిగారు. తాను వేసిన ప్లాను కూడా పంపారు: 18న పోర్ట్ బ్లెయిర్, 19న బారాటాంగ్, 20, 21 నీల్ దీవి, 22, 23 హేవ్‌లాక్ దీవి, 23 మధ్యాహ్నం స్కూబా, 24 పొద్దున్నే హేవ్‌లాక్ నుంచి పడవలో వచ్చి ఒంటిగంటన్నర విమానం ఎక్కడం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఎనిమిది మందీ వస్తున్నారని మీరు అనుకుంటున్నారు. కానీ ఫలానా తేదీలోగా ఇంత కట్టాలి, కట్టకపోతే ఇలా జరుగుతుంది అని మీరు ఎవరినీ అడగలేదు. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినంత మాత్రాన వచ్చినట్టు కాదు. అడిగితే స్నేహం చెడుతుందని మీరు భయపడుతున్నారు గానీ, స్నేహితుల ప్రయాణాలు చెడేది ఎక్కువగా అడగకుండా లోపల పెట్టుకున్న లెక్కల వల్లే. అందుకే ముందు డబ్బు ముడి విప్పుదాం. మిగతా వాటిలో సగం దానితోపాటే విడిపోతాయి.

మీ వాటా పోను, వచ్చినవి పోను, మీ నెత్తిన ఉన్నది 50,400 రూపాయలు. కనీస మొత్తం కట్టేసి మిగతాది వచ్చే నెలకు తోసేద్దామని మాత్రం అనుకోకండి. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది. 50,400 మీద అది 1,764, దానిపైన 18 శాతం జీఎస్టీ కలిస్తే 2,080 దాటుతుంది. అసలు పడే వడ్డీ ఇంతకన్నా ఎక్కువే. బిల్లు పూర్తిగా కట్టకపోతే టికెట్లు కొన్న రోజు నుంచీ లెక్కగడతారు, ఆ తర్వాత మీరు కార్డుతో కొనే ప్రతిదానికీ వడ్డీ లేని గడువు పోతుంది. 14 నాటికి డబ్బు సర్దుబాటు కాదనిపిస్తే, గడువుకు ముందే బ్యాంకుకు ఫోన్ చేసి ఆ కొనుగోలును వాయిదాల్లోకి మార్చమనండి. ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటారు, ముందే మూసేస్తే దానికీ ఛార్జీ ఉండొచ్చు. అయినా కార్డు వడ్డీ కన్నా అదే నయం.

ఇక రద్దు సంగతి. మన దేశీయ విమానాల్లో ఒకరి టికెట్‌ను ఇంకొకరి పేరుకు మార్చరు. కాబట్టి ఖాళీ అయిన సీట్లో ఎవరినైనా తీసుకెళ్దామంటే కుదరదు, కొత్త టికెట్టే కొనాలి. ఎనిమిది మందీ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నా ఇద్దరివి మాత్రమే విడదీసి రద్దు చేసుకోవచ్చు. తిరిగి రాని టికెట్ అని రాసి ఉన్నా పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇవ్వాల్సిందే, అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. రద్దు ఛార్జీ మూల ధర, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. ఆ డబ్బు మీ కార్డుకే వస్తుంది. ఒక్కో టికెట్ మీద ఎంత తిరిగొస్తుందో ఈ రోజే బుకింగ్‌లోకి వెళ్లి చూడండి. చివరిదాకా నొక్కకుండానే ఆ అంకె కనిపిస్తుంది. అది చేతిలో పెట్టుకుని మాట్లాడితే మీ గొంతులో తడబాటు తగ్గుతుంది.

గ్రూపులో పెట్టాల్సిన మాట చిన్నదిగా, అందరికీ ఒకేలా ఉండాలి. "టికెట్లు నా కార్డు మీద ఉన్నాయి, 14న బిల్లు కట్టాలి. డిసెంబరు 5 రాత్రి 9 లోపు మొత్తం పంపినవాళ్లు వస్తున్నట్టు. మిగతా టికెట్లు 6 ఉదయం రద్దు చేస్తాను, తిరిగి రాని మొత్తం ఎవరి టికెట్‌దో వాళ్లు భరించాలి. ఏదైనా ఇబ్బంది ఉంటే 5లోపు నాకు విడిగా ఫోన్ చేయండి." ఇంతే. సంజాయిషీలు, నవ్వుల బొమ్మలు వద్దు. నష్టం వాళ్లదేనని అనడం న్యాయమా అని మీకు సందేహం రావచ్చు. ఆధార్ ఫొటో పంపి, తేదీలకు సరేనన్నాక మీరు టికెట్ తీసి ఉంటే అది ఒప్పుకోవడమే. ఎవరినైనా అడక్కుండా మీ అంతట మీరే తీసి ఉంటే ఆ టికెట్ నష్టంలో సగం మీరు పెట్టుకోవడం ధర్మం.

కానీ ఈ సందేశం పెట్టడానికి ముందే, ఉద్యోగం పోయిన స్నేహితుడికి ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోనే. మీకు ఆ సంగతి ఎవరు చెప్పారన్నది వద్దు. "డబ్బు విషయం గ్రూపులో పెట్టబోతున్నాను, ముందు నీతో మాట్లాడదామని చేశాను, ఈ టైంలో నీకు కుదురుతుందా?" అని అడిగి ఆగండి. అతను మాట్లాడతాడు. మీ ముందు మూడు దారులు ఉన్నాయి. అతను మానుకుంటానంటే ఇప్పుడే రద్దు చేయండి, ఆ నష్టాన్ని మిగతా ఏడుగురూ పంచుకోగలరేమో అతని అనుమతితోనే అడగండి. ఎంత చిన్న మొత్తమైనా అతనికి ఈ నెల అది పెద్దదే. రావాలని ఉంది, తర్వాత ఇస్తానంటే, అప్పు ఇవ్వగలిగినవాళ్లు నేరుగా ఇవ్వాలి, ఎంత, ఎప్పటికి అన్నది రాతలో ఉండాలి. అయితే అది విమానం డబ్బుతో ఆగదు. మీ ప్లాను ప్రకారం పడవలకు సుమారు 4,600, గదికి 3,600 చొప్పున ఇద్దరు పంచుకుంటే ఆరు రాత్రులకు 10,800, బండి 20,000లో ఎనిమిదో వంతు 2,500, తిండికి రోజుకు 900 చొప్పున 5,400 పడతాయి. విమానంతో కలిపి 37,700. స్కూబా వేరు. ఉద్యోగం లేని మనిషి మీద అంత అప్పు ఎక్కించడం మీకు మంచిదనిపిస్తుందో లేదో ఆలోచించండి. మూడోది, అతనికి తెలియకుండా మీరే కట్టేసి ఊరుకోవడం. ఈ దారి మాత్రం వద్దనే చెబుతాను. ఎప్పుడో బయటపడుతుంది, ఆ రోజు అతను పడే చిన్నతనం డబ్బుతో తీరదు.

అంతా రద్దు చేసుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. పూర్తిగా కట్టిన ఇద్దరికీ తమ తప్పేమీ లేకుండా డబ్బు పోతుంది, ఆ కోపం మీ మీదికే వస్తుంది. ఫిబ్రవరికో మార్చికో జరుపుకుంటే సముద్రం ఇంకా ప్రశాంతంగానే ఉంటుంది, కాకపోతే తేదీ మార్పు ఛార్జీ, ధరలో తేడా ఎనిమిది మందికీ పడతాయి. మేలోకి జరపకండి, నైరుతి రుతుపవనాలు ముందుగా తాకేది అక్కడే. ఇక ఆరుగురితో వెళ్తే బండి ఖర్చులో మనిషికి 833 పెరుగుతుంది, అంతే. తప్పుకున్న ఇద్దరూ అబ్బాయిలే అయితే అబ్బాయిలకు ఒక గది, అమ్మాయిలకు రెండు సరిగ్గా సరిపోతాయి. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి తప్పుకుంటే ముగ్గురూ ముగ్గురూ మిగులుతారు. అప్పుడు అదనపు మంచం వేసే గదులు రెండు చూడాలి, లేదంటే ఇద్దరు ఒంటరి గది ఖర్చు మోయాలి. ఆరుగురితో వెళ్లడమే తక్కువ నష్టమని నా అభిప్రాయం. నిర్ణయం మాత్రం 6వ తేదీ తర్వాత తీసుకోండి. అప్పటిదాకా పడవ టికెట్లు, హోటల్ అడ్వాన్సులు ఎవరికీ కట్టకండి. పడవ టికెట్ మీద పేరు, వయసు ఉంటాయి, ఎక్కేటప్పుడు గుర్తింపు కార్డుతో సరిచూస్తారు, కాబట్టి అక్కడా ఒకరి బదులు ఇంకొకరు వెళ్లలేరు.

రిసార్టు కోరుకునే అతని విషయం అంత పెద్దది కాదు. అందరూ ఒకే హోటల్లో ఉండాలన్న నియమం ఎవరు పెట్టారు? హేవ్‌లాక్‌లో బసలు ఎక్కువగా గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు ఒకే రోడ్డు వెంట ఉంటాయి, రాధానగర్ బీచ్ రేవు నుంచి సుమారు 12 కిలోమీటర్లు. అతను తన డబ్బుతో తనకు నచ్చినచోట దిగి, పొద్దున తిరగడానికీ రాత్రి భోజనానికీ మీతో కలవొచ్చు. రాధానగర్ వైపు తీసుకుంటే మాత్రం రానూపోనూ బండి ఖర్చు తనదేనని ముందే అనుకోండి. ముందు టికెట్ డబ్బు కట్టమనండి, రిసార్టు మాట తర్వాత.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన సంగతికి వస్తాను. ఉబ్బసం ఉన్న స్నేహితురాలికి మీరు ఇచ్చిన ఆ మాట నిలబెట్టుకోకండి.

నీటిలో 10 మీటర్ల లోతున మనిషి మీద ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ నుంచి నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెట్టింపు జాగా ఆక్రమించాలని చూస్తుంది. శ్వాసనాళాలు తెరుచుకుని ఉంటే ఊపిరి వదులుతున్నకొద్దీ అది బయటికి పోతుంది. ఉబ్బసం వచ్చి నాళాలు బిగుసుకుంటే గాలి లోపలే ఇరుక్కుంటుంది. ఊపిరితిత్తుల పొర చిరిగి, బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరొచ్చు. ఇందుకు పెద్ద లోతు కూడా అక్కర్లేదు, రెండు మీటర్లు చాలు. పైగా సిలిండర్ గాలి పొడిగా ఉంటుంది, మౌత్‌పీస్‌లోకి ఉప్పునీటి తుంపర వస్తుంది, మొదటిసారి దిగేవాళ్లకు భయం, ఆయాసం ఉంటాయి. ఈ నాలుగూ ఉబ్బసాన్ని రేపేవే. నీటి అడుగున ఇన్‌హేలర్ పీల్చడం కుదరదు. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, పెద్దాసుపత్రి జి.బి.పంత్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, మధ్యలో సముద్రం.

అలాగని ఉబ్బసం ఉన్న ప్రతివాళ్లకీ స్కూబా మూసుకుపోయినట్టు కాదు. జబ్బు పూర్తిగా అదుపులో ఉండి, స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు కొలిచే ఊదుడు పరీక్ష) మామూలుగా ఉండి, వ్యాయామంతో ఆయాసం రానివాళ్లకు కొందరు డాక్టర్లు అనుమతి రాసిస్తారు. కాబట్టి ఆమెతో మీరు చెప్పాల్సింది ఇది: "నేను ఒప్పుకుని ఉండాల్సింది కాదు. ప్రయాణానికి ఇంకా ఆరు వారాలకు పైనే ఉంది. ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను. రాసిస్తే ఆ కాగితం డైవింగ్ సెంటర్లో చూపిద్దాం. రాయకపోతే వద్దు. దాచి దిగితే మాత్రం అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌కు నేనే చెబుతాను." ఇలా ముందే చెబితే ఆమెకు కోపం వస్తుంది, కానీ ఆలోచించుకునే సమయం ఉంటుంది. అక్కడిదాకా ఊరుకుని ఆ పూట అందరి ముందూ చెబితే అవమానంగా తీసుకుంటుంది. అసలే చెప్పకపోవడాన్ని నేను ఒక దారిగా లెక్కపెట్టడం లేదు.

అనుమతి రాకపోతే స్కూబా బదులు సీ వాక్, అంటే తలకు హెల్మెట్ తగిలించుకుని సముద్రం అడుగున నడవడం, చేయిద్దామని ఎవరైనా అనొచ్చు. అదీ నీటి అడుగున ఒత్తిడి గాలి పీల్చేదే, ఆమెకు ప్రమాదం అంతే. లైఫ్ జాకెట్‌తో లోతు లేని నీళ్లలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనే తేలడం) కుదురుతుందేమో అదే డాక్టర్‌ను అడగండి. అద్దాల అడుగున్న పడవలో కూర్చుంటే ఏ ఇబ్బందీ ఉండదు, పగడాలూ చేపలూ కనిపిస్తాయి. మిగిలినవాళ్లకు ఈత రాకపోయినా మొదటిసారి స్కూబా చేయొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటారు. గుర్తుంచుకోవాల్సినవి రెండే: ఊపిరి బిగబట్టకూడదు, చెవులు నొప్పి పుట్టకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుతూ సర్దుకోవాలి. ఆ రోజు జలుబు ఉన్నవాళ్లు దిగొద్దు, ముక్కు దిబ్బడ ఉంటే చెవి సర్దుకోదు, కర్ణభేరి దెబ్బతింటుంది. ముందు రాత్రి మందు తాగినవాళ్లూ అంతే.

మీ ప్లానులో నాకు నచ్చనిది ఆఖరి రోజు. పొద్దున హేవ్‌లాక్‌లో పడవ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకోవాలన్నది గాలి దయ మీద వదిలేసిన లెక్క. ప్రైవేటు పడవ గంటన్నరలో వస్తుంది నిజమే, కానీ గాలి ఎక్కువైతే రేవు అధికారులు ఆపేస్తారు. డిసెంబరు 2016లో తుపాను వాతావరణానికి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో 1,400 మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం, తీర రక్షక దళం వెళ్లి తెచ్చాయి. జనవరిలో అంతటిది అరుదు, ఒక్క పడవ రద్దవడం మాత్రం అరుదు కాదు. పడవ డబ్బు వెనక్కి వస్తుంది, విమానం డబ్బు చాలావరకు రాదు. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో గడపాల్సిందే.

ఇలా తిప్పి చూడండి: 18న పోర్ట్ బ్లెయిర్, 19 పొద్దున్నే హేవ్‌లాక్, 20 ఉదయం స్కూబా, 21 ఎవరిష్టం వాళ్లది, 22న నీల్, 23 మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ చేరి సాయంత్రం సెల్యులార్ జైలు, అక్కడి సౌండ్ అండ్ లైట్ షో, 24న విమానం. అక్కడ జనవరిలో అయిదుంబావు దాటేసరికి పొద్దు గూకుతుంది, అందుకే స్కూబా పొద్దున పెట్టుకోవాలి. డైవ్‌కూ విమానానికీ మధ్య ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు తగ్గకుండా ఉండాలి. ఈ పద్ధతిలో రోజుల తరబడి ఎడం ఉంటుంది. జలుబు చేసినవాళ్లు స్కూబాను 21కి జరుపుకునే వీలూ ఉంటుంది. నీల్‌లో రాతి వంతెన చూడాలంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే నడవగలరు, ఆటుపోట్ల సమయం హోటల్ వాళ్లను ముందు రోజే అడగండి.

బారాటాంగ్ వదిలేయమంటాను. తెల్లవారుజామున మూడింటికి లేచి జిర్కాటాంగ్ దగ్గర, బండ్లను గుంపుగా పంపే కాన్వాయ్ కోసం వరుసలో నిలబడాలి, రోజంతా ప్రయాణమే. దారి జారవా అనే ఆదివాసీ తెగ కోసం కేటాయించిన రక్షిత అడవి మధ్య నుంచి పోతుంది. వాళ్లను ఫొటో తీయడం, వాళ్లకేమైనా ఇవ్వడం నేరం, వాళ్లను చూడ్డానికని వెళ్లడం ఎలాగూ సబబు కాదు. బారాటాంగ్‌లోని సున్నపురాయి గుహలు చూడాలని ఇద్దరికి గట్టిగా ఉంటే, హేవ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించుకుని వాళ్లు విడిగా వెళ్లొచ్చు.

విశాఖ ఓడ సంగతి కూడా తేల్చేద్దాం. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి, పోర్ట్ బ్లెయిర్ బజారులో మీకు తెలుగు వినబడుతుంది. ఆ ఓడ ముఖ్యంగా అలాంటివాళ్ల అవసరం. ఒకవైపు ప్రయాణానికే రెండు రోజులు దాటుతుంది, రోజూ ఉండదు, తేదీలు జరుగుతుంటాయి. వారం సెలవు ఉన్న ఉద్యోగులకు పనికిరాదు. ఇప్పటికే విమానం టికెట్లు తీశాక ఆ చర్చ అనవసరం.

మిగతావి చిన్నవి. టికెట్ల మీద హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని చూస్తారు, 2018లో పేర్లు మారాయి. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. కంగారుపడి వేరే ఊరికి తీశామేమో అనుకోకండి. కడుపులో తిప్పేవాళ్లు డాక్టర్ చెప్పిన మాత్ర పడవ కదలడానికి ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే లాభం లేదు. సీటు మధ్యలో, కింది అంతస్తులో అడగండి. గవ్వ, పగడం ముక్క ఏదీ ఏరి సంచిలో వేసుకోవద్దు, పగడం వన్యప్రాణి చట్టం కింద నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటారు. రాధానగర్‌లో లైఫ్‌గార్డులు చూపిన హద్దులోనే నీళ్లలో దిగండి, ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో అక్కడికి దగ్గర్లోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలికి బలైంది.

తిండి బిల్లు సమానంగా పంచకండి. ఒకరు పీతలు తూకం మీద తెప్పించుకుంటే పప్పన్నం తిన్నవాళ్లు ఆ డబ్బు కట్టి, తిరిగొచ్చాక ఆ మాటే పదేపదే అనుకుంటారు. బండి, గది, పడవ ఉమ్మడి. తిండి, మందు, స్కూబా ఎవరివి వాళ్లవి. ఉమ్మడి ఖర్చుకు బయల్దేరే ముందే మనిషికి ఒక మొత్తం వసూలు చేసి, కొంత నగదుగా ఉంచుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్‌వర్క్ బాగుపడింది గానీ చిన్న దీవుల్లో యూపీఐ ఎప్పుడైనా మొరాయించొచ్చు, ఏటీఎంలు తక్కువ.

ఆ నగదు మీ దగ్గర పెట్టుకోకండి. పూర్తిగా కట్టిన ఇద్దరిలో ఒకరికి ఇచ్చి, రాసుకునే పని రెండోవాళ్లకు అప్పగించండి. టికెట్ల బాధ్యత మీరు మోశారు, అది 6వ తేదీతో అయిపోతుంది. అప్పటిదాకా చేయాల్సిన ఫోన్లు రెండే. మొదటిది ఉద్యోగం పోయిన స్నేహితుడికి, రెండోది ఇన్‌హేలర్ వాడే స్నేహితురాలికి. రెండూ ఈ వారంలోనే చేయండి, గ్రూపులో సందేశం ఆ తర్వాత పెట్టండి.